వెళ్లొస్తానని చెప్పకుండా

ఆ రోజుల్లో, అంటే మాదాపూర్ హాస్టల్లో ఒక్క గదిలో నలుగురం సర్దుకుని, మొదటి ఉద్యోగపు ఐడీ కార్డును ఆదివారం కూడా మెళ్లో వేసుకు తిరిగిన రోజుల్లో, మనుషుల్ని ఓదార్చడంలో నన్ను మించినవాళ్లు లేరని నాకో గట్టి నమ్మకం. అదేమీ ఊరికే వచ్చింది కాదు. చిన్నప్పుడు కోనసీమలో మా అమ్మమ్మ ఎవరింటికి పరామర్శకు వెళ్లినా నన్ను వెంటేసుకెళ్లేది. ఏం అడగాలో, ఎక్కడ ముక్కు చీదాలో అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. అన్నిటికంటే పెద్ద పాఠం, లేచేటప్పుడు "వెళ్లొస్తాను" అనకూడదు. (అంటే మళ్లీ అలాంటి పనిమీదే ఆ ఇంటికి రావాల్సొస్తుందట.) నోరు మూసుకుని చెప్పులేసుకుని వచ్చేయాలి.

నా పాండిత్యం చూపించే అవకాశం ఒక శనివారం పొద్దున వచ్చింది. మిగతా ఇద్దరూ ఊళ్లకెళ్లారు. పక్క మంచం అక్క, సిద్దిపేట మనిషి, నాకంటే రెండేళ్లు పెద్దది, ముసుగుతన్ని ఏడుస్తోంది. పెళ్లి చేసుకుందామని నాలుగేళ్లుగా చెబుతూ వచ్చిన అబ్బాయి ముందురోజు మెసేజ్ పెట్టి తప్పుకున్నాడు. అప్పటికే సూట్‌కేసు సర్దేసింది. "నౌకరీ వద్దు, ఏం వద్దు. రాజీనామా మెయిల్ కొట్టి ఇంటికి పోత" అంది. ఈ మహానగరంలో నాకు రోడ్డు దాటడం నేర్పింది ఆవిడే. ఎలాగైనా ఆపాలి.

నేలమీద చతికిలబడి, చున్నీ నోటికడ్డం పెట్టుకుని మొదలుపెట్టాను.

"ఎలా జరిగిందక్కా?"

"ఏంది, ఎట్ల జరిగింది? మెసేజ్ పెట్టిండు."

"అయ్యో! మొన్నటిదాకా బాగానే ఉన్నాడా?"

"మంచిగనే ఉండె."

"ఆఖరి మాట ఏమన్నాడు?"

అక్క దుప్పటి తీసి నన్ను వింతగా చూసింది. "టేక్ కేర్ అన్నడు."

"ప్చ్! ఎవరికి ఎంత ప్రాప్తమో అంతే" అని నిట్టూర్చాను. (ఆ సమయానికి ఆ మహానుభావుడు కొండాపూర్‌లో ఏ దోసెలో తింటూ ఉండుంటాడు.) తర్వాత మా పెదనాన్న పోయిన వైనం, ఆ వెనకే మా పాడిగేదె పోయిన వైనం పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చాను. అక్క ఏడుపు ఎక్కువైంది. పరామర్శ సలక్షణంగా సాగుతోందనుకున్నాను. అంతలో ఆవిడ నిన్నటినుంచి ఏమీ తినలేదని గుర్తొచ్చి, ఇడ్లీలు తెద్దామని లేచాను. అమ్మమ్మ పెంపకం కదా, ఒక్క ముక్కా చెప్పకుండా తలొంచుకుని బయటికి నడిచాను.

తిరిగొచ్చేసరికి సూట్‌కేసు గుమ్మం దగ్గరుంది. అక్క జడేసుకుని బస్సుకి సిద్ధంగా ఉంది.

"ఏడికి పోయినవ్?"

"ఇడ్లీలకి."

"చెప్పి పోరాదా? వాడు గట్లనే పాయె. ఇగ నువ్వు గూడ నా ఏడుపుకు పరేషానయి పోయినవనుకున్న" అంది.

నాకు సిగ్గూ, ఏడుపూ కలిసొచ్చాయి. అమ్మమ్మ నియమం సంగతంతా కక్కేశాను. అక్క సూట్‌కేసు మీద కూలబడింది. "అంటే, వాడు సచ్చిండని లెక్కగట్టి నన్ను పలకరించినవా?"

తలూపాను. అక్క ఫక్కున నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూనే ఇడ్లీలన్నీ తినేసింది. ఆ రెండు రోజులూ నేను స్నానానికి పోయినా "అక్కా, వెళ్లొస్తానూ" అని కేకేసి మరీ పోయాను. గేదె ఊసెత్తలేదు. ఆవిడ మాట్లాడితే విన్నాను, లేకపోతే పక్కన కూర్చుని బట్టలు మడతపెట్టాను. సోమవారం సూట్‌కేసు మంచం కిందికి వెళ్లింది, అక్క నాతోపాటు ఆఫీసు బస్సెక్కింది.

పోయినేడు హఫీజ్‌పేట్‌లో మా ఇంట్లోనే అమ్మమ్మ పోయింది. అక్క నార్సింగి నుంచి వచ్చింది. ఎలా జరిగిందని అడగలేదు. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. లేచి గుమ్మం దాకా వెళ్లి, పెద్దవాళ్లందరి ముందూ వెనక్కి తిరిగి, "పోయొస్తనే! పొద్దుగాల మళ్లొస్త" అంది. మా పిన్ని గుండెలమీద చెయ్యేసుకుంది. అమ్మమ్మే ఉంటే, ఈ పిల్లకి బొత్తిగా పద్ధతి తెలీదని విసుక్కునేది. నాకు మాత్రం ఆ రోజంతటిలో అప్పుడే నవ్వొచ్చింది, చున్నీ అడ్డం పెట్టుకున్న ఆ పాత పండితురాలు కళ్లముందు మెదిలి.

అన్నట్టే పొద్దున్నే వచ్చింది, ఇడ్లీ పొట్లంతో.