ఖాళీ డబ్బాతో వేళాకోళం

నా చిన్నప్పుడు వర్జీనియాలో నలుగురు తెలుగువాళ్ళు ఎక్కడ చేరినా, భోజనాలయ్యాక ఒక పిలుపు వినిపించేది. "ఏదీ, ఆ అంకుల్‌లా ఒకసారి చెయ్యి!" ఆ పిలుపు నాకే. తొమ్మిదేళ్ళకే నేను పేరుమోసిన కళాకారిణిని. అరవై దాటాక కూడా ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. ఇండియాకి ఫోన్ చేస్తే సముద్రం అవతలికి నేరుగా వినపడాలన్నట్టు అరిచే ఆంటీ, మంచులో కారు స్టార్ట్ కాకపోతే దాన్ని బుజ్జగించే అంకుల్, అందరినీ అచ్చం అలాగే దింపేసేదాన్ని. వాళ్ళ ఎదుటే చేసేదాన్ని, వాళ్ళే అందరికంటే ముందు నవ్వేవారు.

అప్పట్లో మేమంతా కలిసి ఎనిమిది కుటుంబాలం. ఇప్పుడు నేనుండే షాంటిలీలో కరివేపాకు కోసం బయల్దేరితే షాపులోనే నలుగురు తెలుగువాళ్ళు పలకరిస్తారు గానీ, ఆ రోజుల్లో ఇంటి బయట తెలుగు మాట వినాలంటే శనివారం దాకా ఆగాలి. ప్రతి శనివారం ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో తలా ఒక వంటతో చేరేవాళ్ళం. ఒక ఏడాది ఆ గుంపులోకి, మేం పిల్లలం స్టూడెంట్ అక్క అని పిలిచే ఒకమ్మాయి వచ్చింది. తెలంగాణ నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చి, యూనివర్సిటీ దగ్గర చిన్న అపార్ట్‌మెంట్‌లో ఒక్కతే ఉండేది. ఆమెకి కారు లేదు, నాన్నే వెళ్ళి తీసుకొచ్చి మళ్ళీ దింపేవారు. వచ్చినప్పుడల్లా నన్ను ముందు కూర్చోబెట్టుకుని, మా అమ్మ కంటే బాగా జడ వేసేది. వెళ్ళబోయే ముందు సంచిలోంచి ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలు తీసి, మిగిలిన గిన్నెల దగ్గర నిలబడి మెల్లగా అడిగేది, "ఇది ఎవ్వరు తింటలేరా ఆంటీ?" ఆంటీలు సంతోషంగానే నింపేవారు. ఆ వారంలో సగం రోజులు ఆమెకి అదే భోజనం.

నా కళ్ళకి మాత్రం అది కొత్తగా దొరికిన పాత్ర. ఒక శనివారం పిలుపు రాగానే అమ్మ హ్యాండ్‌బ్యాగ్ భుజాన తగిలించుకున్నాను. రెండు చేతుల్లో రెండు డబ్బాలు పట్టుకుని, మెడ కాస్త పక్కకి వంచి, ఒక్కో గిన్నె మూత ఎత్తుతూ, యాస సాగదీసి ఆ మాటే అన్నాను. బేస్‌మెంట్ దద్దరిల్లింది. ఒక అంకుల్ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. మళ్ళీ చెయ్యమన్నారు. రెండోసారి యాస ఇంకాస్త పెంచాను.

అక్క మెట్ల దగ్గర నిలబడి చూస్తోంది. ఆమె కూడా నవ్వుతోందనే అనుకున్నాను. పెదాలైతే నవ్వాయి.

ఆ ఏడాది మా అమ్మమ్మ గుంటూరు నుంచి వచ్చి మా దగ్గర ఆరు నెలలు ఉంది. అక్కని వాళ్ళింటి దగ్గర దింపేశాక, వెనక సీట్లో నా పక్కన కూర్చున్న అమ్మమ్మ అడిగింది, "ఎవరు నవ్వలేదో చూశావుటే?" అందరూ నవ్వారని గొప్పగా చెప్పాను. "ఆ పిల్ల ఇవాళ డబ్బాలు ఖాళీగానే పట్టుకెళ్ళింది," అని మాత్రం అని ఊరుకుంది.

తరువాతి శనివారం అక్క రాలేదు. ఆ పై వారమూ రాలేదు. నాన్న ఫోన్ చేస్తే పరీక్షలున్నాయని చెప్పిందట. నాకు లోపల భయం మొదలైంది. ఆమె ఇంక ఎప్పటికీ రాదేమో అనిపించింది. దానికి కారణం నేనేనని తెలుస్తూనే ఉంది, ఒప్పుకోవడానికే మనసు రావడం లేదు. చివరికి వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మమ్మ దగ్గర చేరి, "నేను జోక్ చేశాను, అంతే కదా!" అన్నాను.

"జోకా? ఏ రకం జోకు?" అంది అమ్మమ్మ. "ఇక్కడ అన్నిటికీ ఒకటే మాటా? ఎలా సరిపెట్టుకుంటున్నారో పాపం!"

ఆమె దగ్గర మాటలకి కొదవ లేదు. కాఫీలో పంచదార మర్చిపోతే తాతయ్య, "నీ చేత్తో ఇచ్చావుగా, తియ్యగానే ఉందిలే," అనేవాడట. తాతయ్య అంటే అది సరసం. అదే మాట అత్తగారు అంటే వెటకారం. తనూ వాళ్ళ వదినా ఒకరి వంటని ఒకరు ఎత్తిపొడుచుకుని పడీ పడీ నవ్వితే అవి పరాచికాలు. పళ్ళూడిన పిల్లాడిని ఆటపట్టిస్తే వాడూ నోరంతా తెరిచి చూపిస్తాడు. ఇలా చెప్పుకుంటూ వచ్చి, చేతిలోని చిక్కుడుకాయ పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"వేళాకోళమైతే అవతలివాళ్ళు కూడా నిన్నో మాట అనగలగాలే. ఆ కారు అంకుల్ అంటాడు. ఆయనకి ఇల్లుంది, వాకిలుంది, వెనక నలుగురున్నారు. ఈ పిల్ల నిన్నేమంటుంది? అంటే వచ్చే వారం కూరెవరు పెడతారు? తిరిగి అనలేనిదాన్ని పట్టుకుని నవ్వితే అది ఎగతాళి. పోనీ డబ్బాల మీద అన్నావు, సరే. వాళ్ళమ్మ నేర్పిన మాట నీకేం చేసిందే?"

నేను బావురుమన్నాను. సారీ అని కార్డు రాసిస్తానన్నాను. అమ్మమ్మ ముక్కు తుడిచి, "కార్డులేం వద్దు. ఖాళీ డబ్బాలు రెండు తియ్యి," అంది.

ఆదివారం మధ్యాహ్నం నాన్న మమ్మల్ని అక్క అపార్ట్‌మెంట్ ముందు దింపారు. నేతచీర మీద నాన్న పాత కోటు, కాళ్ళకి మంచు బూట్లు, చేతిలో ఖాళీ డబ్బాలు, అదీ మా అమ్మమ్మ వాలకం. అక్క తలుపు తీసి నిర్ఘాంతపోయింది. అమ్మమ్మ పలకరింపులేమీ లేకుండా నేరుగా వంటింట్లోకి నడిచింది. పొయ్యి పక్కనున్న గిన్నె మూత ఎత్తి, డబ్బా ముందుకి చాపి, "ఏమ్మా, ఇది ఎవరూ తినట్లేదా?" అంది.

యాస తనదే. గుంటూరు యాస. అక్కది అరువు తెచ్చుకోలేదు. అంత భయంలోనూ అది నేను గమనించాను.

అక్క డబ్బా వంకా, అమ్మమ్మ వంకా చూసింది. అమ్మమ్మ చాపిన డబ్బా అలాగే ఉంది. ఉన్నట్టుండి అక్క నవ్వడం మొదలుపెట్టింది. గోడకి ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "గట్ల చెప్పకుండ వస్తే ఎట్ల అమ్మమ్మా? అన్నం, పచ్చిపులుసు తప్ప ఏం చెయ్యలే!" అని కంగారుపడింది. ఆ కంగారులో కూడా గర్వం ఉంది, ఎన్నాళ్ళకో తన ఇంట్లో తను ఒకరికి పెట్టబోతున్నదాని గర్వం. ఊరి నుంచి తెచ్చుకున్న చింతపండుతో చేసిన ఆ పులుసుని అమ్మమ్మ రెండుసార్లు అడిగి పోయించుకుంది.

"కోటు మస్తుగుంది అమ్మమ్మా, కాన్వొకేషన్‌కి నాకియ్యరాదు?" అంది అక్క. అమ్మమ్మ లేచి, ఆ కోటులో గిర్రున ఒక చుట్టు తిరిగి చూపించింది.

అప్పుడు నేను తల వంచుకుని సారీ చెప్పాను. తెలుగులో ఏమనాలో తెలియలేదు, "ఇంకెప్పుడూ నీ మాటని అలా చెయ్యను" అని మాత్రం అనగలిగాను. అక్క నన్ను దగ్గరికి లాక్కుని, రబ్బరు బ్యాండు తీసి జుట్టు విప్పింది. "నాకు ఏడ్పొచ్చింది ఆ దినం," అంది సూటిగా. కాసేపు దువ్వాక మళ్ళీ అంది, "అయినా ఎక్కిరించుడు గూడ సక్కగ రాదు నీకు. తింటలేరా అనాలె, గంత సాగదియ్యొద్దు. నువ్వన్నది అమెరికా తెలంగాణ!"

నా చెవులు వేడెక్కాయి. మరుక్షణం నేనే ముందు నవ్వాను. అమ్మమ్మ పులుసు చేతిని చప్పరిస్తూ, "ఇదీ వేళాకోళమంటే," అంది.

పచ్చిపులుసు డబ్బాని ఇంటిదాకా ఒళ్ళో పెట్టుకుని నేనే తెచ్చాను. మూత సరిగ్గా పట్టక గౌను మీద ఒలికింది, ఆ మరక చివరిదాకా పోలేదు. ఆ వచ్చే శనివారం అక్క వచ్చింది. మునుపటికంటే పెద్ద డబ్బాలు తెచ్చింది.

నేను ఇప్పటికీ నలుగురిలో నోరు మూసుకునే మనిషిని కాను. షాంటిలీలో ఏ ఇంట్లో పార్టీ అయినా నా గొంతే ముందు వినిపిస్తుంది. కాకపోతే గది గొల్లుమన్న ప్రతిసారీ నా కళ్ళు ఆ గదంతా ఒకసారి తిరుగుతాయి, నవ్వని మనిషి కోసం. ఇంకో అలవాటు కూడా ఉంది. కొత్తగా చదువుకోవడానికి వచ్చిన పిల్లల ఇంటికి మొదటిసారి వెళ్ళేటప్పుడు స్వీట్ బాక్స్ తీసుకెళ్ళను. పోయిన నెల ఒక అమ్మాయి అపార్ట్‌మెంట్‌కి అలాగే వెళ్ళాను. ఇంట్లో పప్పన్నం తప్ప ఏమీ లేదని ఆ పిల్ల సిగ్గుతో తలుపు సగమే తెరిచింది. నేను లోపలికి దారి చేసుకుని, గిన్నె మూత ఎత్తి, ఖాళీ డబ్బా చాపాను. అది నిండేదాకా అక్కడి నుంచి కదల్లేదు.