చెవిమాస్టారు కొట్టిన ముద్ర

గద్ద ముద్ర కత్తుల కార్ఖానాలో ఆయన పని ముద్ర కొట్టడం. కొట్టేముందు ప్రతి కత్తి అలుగునూ ఇనుప దిమ్మె అంచుకు తాటించి చెవి దగ్గర పెట్టుకునేవాడు. ఖంగుమంటే ముద్ర, బొంగురుపోతే తుక్కు. అందుకే అందరూ ఆయన్ని చెవిమాస్టారు అనేవాళ్ళు. ఆ పేరు చూసుకునే ఛాతీ విరుచుకు తిరిగాడు.

యజమానులు మారారు, చౌక ఉక్కు వచ్చింది. తుక్కు బుట్ట పొద్దెక్కకముందే నిండిపోయేది.

"చెవులు ఇంట్లో పెట్టి రండి మాస్టారూ, చేతులు తెస్తే చాలు," అన్నాడు మేనేజరు నవ్వుతూ.

చెవిమాస్టారూ నవ్వాడు. నవ్వి, ముద్ర కొట్టాడు. శ్రమజీవి నిజాయితీ మీద ఉపన్యాసాలు దంచేవాళ్ళు ఈ నవ్వు దగ్గర కాస్త ఆగితే మంచిది.

అక్క మొగుడు హోటల్లో వంటమాస్టరు. బావమరిది మాట మీద ఎప్పుడూ గద్ద కత్తే పట్టాడు. పాతది అరిగి పుల్లైపోతే కొత్తది కొనుక్కున్నాడు. ఒకరోజు చెవిమాస్టారు వాళ్ళింటికి వెళ్ళేసరికి బావ వంటగట్టు మీద ఆ కత్తిని సానరాయికేసి రుద్దుతున్నాడు. పక్కనే చితికిన టమాటాలు.

"పొద్దున పదును పెడితే మధ్యాహ్నానికి మొద్దు. నీ కత్తి తప్పేం లేదురా, నా చేతిలోనే పస పోయింది. ఇక గల్లాపెట్టె దగ్గర కూర్చోమంటున్నారు."

"కళ్ళద్దాలు మార్చమంటే వింటేగా!" అంది అక్క.

చెవిమాస్టారు తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు.

ఇంటికెళ్ళి తమ పాత గద్ద కత్తికి కొత్త పిడి బిగించాడు, మెరుగు పెట్టాడు.

"మరి నేను ఉల్లిపాయలు పళ్ళతో కొరకనా?" అంది భార్య. చెవిమాస్టారు కత్తిని కాగితంలో చుట్టాడు.

"నీకు చెడ్డ ముక్క తగిలింది బావా. ఇది కొత్త స్టాకు," అని ఇచ్చి వచ్చాడు. నిజం చెప్పకుండా బయటపడటానికి ఇంతకన్నా మర్యాదైన దారి తోచలేదు.

వారం తిరక్కుండా బావే గుమ్మంలో ప్రత్యక్షం.

"వెన్నలా కోస్తోందిరా! మా వంటవాళ్ళందరికీ చెప్పేశాను. తలా ఒకటి, నీ చేత్తో ఏరి పట్రా."

చెవిమాస్టారు బావను లోపల కూర్చోబెట్టాడు.

"కొనొద్దని చెప్పు బావా."

"అదేంట్రా?"

"నీకిచ్చింది మా ఇంటి పాత కత్తి. కొత్తవన్నీ నువ్వు కొన్నదాని లాంటివే. తెలిసే ముద్ర కొడుతున్నాను."

తిడతాడనుకున్నాడు. బావ తన రెండు చేతులూ ముందుకు చాపి తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అయితే ఇవి బాగానే ఉన్నాయన్నమాట," అన్నాడు మెల్లగా. "ఇన్నాళ్ళూ మీ అక్క చూడకుండా వేళ్ళు ముడిచి, తెరిచి చూసుకుంటున్నానురా."

ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

"ఉల్లిపాయలకి ఇబ్బంది పడుతుంటుంది చెల్లెమ్మ. కత్తి రేపు పంపించేస్తాలే," అని బావ చెప్పులు వేసుకున్నాడు.

"ఉంచుకో బావా," అన్నాడు చెవిమాస్టారు, నేలకేసి చూస్తూ.