చిల్లుల పలక, లైబ్రరీ బిళ్ళలు

పోయిన నెల మా ఆడబిడ్డ కూతురు ఫోనులో ఒక వీడియో పెట్టింది. పళ్ళెం నిండా నేతిలో వేయించిన సేమ్యా బిళ్ళలు, వాటి మీద గసగసాలు, కింద "మా చిన్నత్తమ్మ లైబ్రరీ బిళ్ళలు" అని రాత. ఆ వెంటనే నాకు ఫోను చేసి, చూసినవాళ్ళంతా అడుగుతున్నారు, ఏ పుస్తకం చూసి నేర్చుకున్నావో దాని పేరు చెప్పమని పట్టుబట్టింది. అలాంటి పుస్తకం లేదు. ఇన్నేళ్ళుగా చుట్టాలంతా నమ్ముతున్న ఆ మాట అబద్ధమని తెలిసి బతికున్నవాళ్ళం ఇప్పుడు ఇద్దరమే, నేనూ, మా యారాలూ, అంటే మా బావగారి భార్య. ఇద్దరిలో రాయడం వచ్చింది నాకొక్కదానికే కనుక ఈ సంగతి కాగితం మీద పెట్టవలసిన భారం నామీదే పడింది.

తొంభైల మొదట్లో నేను మచ్చ బొల్లారం నుంచి మేడ్చల్‌కు కోడలిగా వచ్చేసరికి ఆ వంటింట్లో యారాలు పాతుకుపోయి నాలుగేళ్ళయింది. ఆమెకు అక్షరం రాదు. నాకు ఏడో తరగతితో బడి ఆగింది కానీ చదువు మీది ఆశ ఆగలేదు, కిరాణా పొట్లం కట్టిన కాగితాన్నయినా సాపు చేసి చదివే రకాన్ని. ఊళ్ళో లైబ్రరీ ఉందని తెలిసిన రోజు పుట్టిల్లు పక్క వీధిలోకి వచ్చినంత సంబరపడ్డాను. మధ్యాహ్నం పనులయ్యాక వెళ్ళి వారపత్రికలన్నీ అట్ట నుంచి అట్ట దాకా చదివి, అవి అయిపోతే నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు కూడబలుక్కునేదాన్ని. మీలో చాలామంది అలాగే చదువుకుని ఉంటారు, ఆ గర్వం ఎలా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. ఇంట్లో మందుసీసా మీది రాత చూడాలన్నా, పెళ్ళి కార్డులో ముహూర్తం చూడాలన్నా నన్నే పిలిచేవారు. అది నాకు చాలాల్సింది. చాల్లేదు. ఎందుకంటే, చదవడానికి నన్ను పిలిచిన మా అత్త, ఉప్పు చూడడానికి యారాలిని పిలిచేది.

దానికి తోడు ఆ సామాన్లు. యారాలి తమ్ముడు కుత్బుల్లాపూర్‌లో ఒక స్టీలు సామాన్ల కార్ఖానాలో పాలిష్ పని చేసేవాడు. అక్కడ తయారయ్యేవన్నీ ఓడలెక్కి పరదేశపు వంటిళ్ళకు పోయేవి. గీత పడ్డవీ, సొట్ట పోయినవీ పనివాళ్ళను తీసుకుపొమ్మనేవారట. అక్కను చూడడానికి వచ్చినప్పుడల్లా అతను ఏదో ఒక వింత వస్తువు తెచ్చేవాడు, అది దేనికో అతనికీ తెలియదు. ఒకసారి పిడికెడంత జల్లెడ గుండు తెచ్చాడు, మధ్యకు విప్పితే రెండు దొప్పలవుతుంది. యారాలు దాన్ని నాలుగు రోజులు గూట్లో పెట్టి చూసి, ఐదోరోజు లవంగాలు, చెక్క, యాలకులు అందులో వేసి మూసి బగారా అన్నంలో పడేసింది. అన్నం దిగాక గుండు తీసేస్తే వాసనంతా అన్నంలో, మసాలా అంతా గుండులో, పిల్లల పంటికింద లవంగం పడి ఏడుపులు లేవు. ఇంకోసారి పిడికి సన్నని తీగ బిగించినది తెస్తే దానితో జున్ను కోసింది, ముక్క అంచు విరగకుండా అద్దంలా తెగింది. అది పరదేశంలోనూ దాదాపు జున్నులాంటిదాన్ని కోసేదేనని నేను ఆరు నెలల తరువాత పుస్తకంలో చదివాను. ఆమె చదవకుండానే కనుక్కుంది. వాడకట్టు ఆడవాళ్ళంతా చూసిపోవడానికి వచ్చి "మస్తు తెలివి నీది" అని ఆమెను మెచ్చుకుంటుంటే, నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, కాయలు కూడా విరిచేస్తూ ఉండేదాన్ని.

ఆ తరువాత వచ్చింది చిల్లుల పలక. జానెడు పొడవు, నాలుగు గుండ్రటి చిల్లులు, ఒకదాని కన్నా ఒకటి పెద్దది. షామీర్‌పేట దారిలో మాకున్న ఎకరంలో కొత్తిమీర, మెంతి వేసేవాళ్ళం. యారాలు కాడలను రెండో చిల్లులో దూర్చి, అందులో పట్టినంతే ఒక కట్ట కట్టేది. ఏ కట్టా ఎక్కువ కాదు, తక్కువ కాదు. మార్కెట్టులో ఆ కట్టలకు పేరొచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు లైబ్రరీలో ఆ పలక బొమ్మ దొరికింది. నిఘంటువులో వెతికితే, ఆ పలకతో కొలిచే పదార్థానికి అర్థం "ఒక రకం సేమ్యా" అని ఉంది. మొదటి చిల్లు ఒక మనిషికి, నాలుగోది నలుగురికి. నేను ఇంటికి నడిచి వచ్చానో పరుగెత్తి వచ్చానో గుర్తులేదు. అత్త, ఆడబిడ్డ, ఇద్దరు పక్కింటివాళ్ళు వాకిట్లో ఉండగా కావాలనే గట్టిగా అన్నాను.

"అక్కా, గది కొత్తిమీరకు కాదు. సేమ్యా కొలిచేది. పుస్తకంల ఉంది."

ఆమె కట్ట బిగిస్తూ తలెత్తకుండానే, "అట్లనా? గా ముచ్చట కొత్తిమీరకు ఎర్కలేదు చెల్లె, మంచిగనే పడుతాంది" అంది. అందరూ నవ్వారు. అత్త కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. ఆ నవ్వుకు బదులు తీర్చుకోవాలని నేను కాచుకుని కూర్చున్నాను.

ఆడబిడ్డను చూసుకోవడానికి పెళ్ళివారు వచ్చే రోజు దొరికింది. అత్త కాళ్ళావేళ్ళా పడి పాయసం నేను చేస్తానని ఒప్పించాను. వచ్చేవాళ్ళు ఎనిమిది మంది, మేం ఆరుగురం. అత్తా యారాలూ చూస్తుండగా పొడుగు సేమ్యా తెచ్చి నలుగురి చిల్లుతో మూడుసార్లు, ఇద్దరి చిల్లుతో ఒకసారి కొలిచి, పద్నాలుగు అని లెక్క చెప్పి మరీ పాలలో వేశాను. పుస్తకంలోది వేలెడు లావు కాకపోయినా మన సేమ్యా కన్నా లావైన గోధుమ పుల్ల అనీ, దాన్ని వాళ్ళు మన అన్నంలాగా కడుపునిండా తింటారనీ, గ్లాసెడు పాయసానికి పిడికెడు సేమ్యా కూడా ఎక్కువేననీ నిఘంటువు చెప్పలేదు. సేమ్యా పాలన్నీ తాగింది. ఇంకా ఉబ్బింది. అత్త వచ్చి గరిటె వదిలితే అది నిటారుగా నిలబడింది.

"ఓ పిల్లా, గిది తాగాలెనా, తాపీతోని గోడకు మెత్తాలెనా?"

అప్పుడే వాకిట్లో పెళ్ళివారి జీపు ఆగింది. ఇంట్లో పాలు చుక్క లేవు. నాకు ఏడుపు కూడా రాలేదు, ఆడబిడ్డ సంబంధం నా మూలంగా చెడిపోతుందన్న భయమే. యారాలు గిన్నెలోకి ఒకసారి తొంగి చూసింది. "అత్తా, నువ్వు పోయి ముచ్చట పెట్టు. జల్దీ లోపటికి రానియ్యకు" అని, రెండు పళ్ళాలకు నెయ్యి రాసి, ఆ ముద్దను పరిచి అదిమి, విసనకర్రతో నన్ను విసరమంది. ఆరాక జున్ను కోసే తీగతో బిళ్ళలు కోసి, పెనం మీద నేతిలో రెండువైపులా ఎర్రగా కాల్చి, గసగసాలు చల్లింది. పెళ్ళికొడుకు మేనత్త రెండు తిని మూడోది చేతిలో పట్టుకుని, ఇది ఎవరు చేశారని అడిగింది.

"మా చిన్నామె చేసింది" అంది యారాలు. "లైబ్రరీల పుస్తకం సూసి. మాకు గుడ కొత్తనే."

సంబంధం కుదిరింది. ఆ సాయంత్రం ఆమెకు ఒక మాట చెప్పాల్సింది, చెప్పలేదు సరికదా, ఆ ఔదార్యం కూడా ఆమెకే దక్కిందని ఇంకా మండిపోయాను. మర్నాడు చిల్లుల పలకను తీసుకుపోయి వడ్ల బస్తాల వెనక దాచాను. ఇక కట్టలు ఎట్లా కడుతుందో చూద్దామనుకున్నాను. ఆమె పలక ఏదని అడగలేదు. కాడలు పిడికిట్లోకి తీసుకుని కట్టింది. నేను చాటుగా పది కట్టలు తెచ్చి ఆ చిల్లులో దూర్చి చూశాను. పదీ సరిగ్గా పట్టాయి.

ఆ తరువాత ఎన్నేళ్ళు గడిచినా ఏ శుభకార్యమైనా లైబ్రరీ బిళ్ళలు నేనే చెయ్యాలనేవారు. గరిటె నా చేతిలో ఉండేది, ఆమె పక్కన నిలబడి "ఇగ చాలు" అంటే దించేదాన్ని. రవికె గుడ్డ నాకు పెట్టేవారు.

వీడియో చూసిన వారం షామీర్‌పేట వెళ్ళాను. మా ఎకరం ఇప్పుడు ప్లాట్లయింది, అందులో ఒకదానిలో ఆమె ఇల్లు. అందరికీ నిజం చెప్పేస్తానన్నాను. పలక దాచింది నేనేనని కూడా చెప్పాను. ఆమె నవ్వి, "గప్పుడు చెప్తె నీ ఇజ్జత్ పోతుండె. ఇప్పుడు చెప్తె నా ఇజ్జత్ పోతది, పెండ్లోళ్ళకు అబద్ధం చెప్పిన్నని" అంది. మళ్ళీ తనే, "రాసుకో తీయ్, నాకు సదువ రాదు గద" అంది. చదివి వినిపిస్తానంటే వద్దనలేదు.

ఇప్పుడు కొంపల్లి దుకాణాల్లో ప్రతి వస్తువూ తన పని తానే చెప్పుకుంటుంది, పెట్టె మీద బొమ్మ, ఫోనులో వీడియో. ఏ వస్తువునూ ఎవరూ నాలుగు రోజులు గూట్లో పెట్టి చూడరు, ఇది దేనికి పనికొస్తుందని. ఆ చూడడం కూడా ఒక చదువేనని నాకు తెలిసేసరికి వెంట్రుకలు నెరిశాయి. అసూయ మాత్రం నెరవలేదు, ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ చెయ్యి నాకుంటే బాగుండునని ఉంది.

పుస్తకం పేరడిగి నన్ను కదిలించిన ఆడబిడ్డ కూతురు శ్రావణికి, వింత సామాన్లు మోసుకొచ్చిన యాదగిరికి, నిఘంటువు నాకోసం బల్ల మీద ఉంచిన లైబ్రరీ అటెండరు సత్తయ్యకు, ఆ రోజు పెళ్ళివారిని మాటల్లో పెట్టిన మా అత్త పోచమ్మకు నా కృతజ్ఞతలు. బిళ్ళలు చేసినామె పేరు అండాలు.