చెల్లదు అన్నది నేనే

కాక పోయాడని కబురొచ్చేసరికి నేను దోహాలో, అల్ సద్ దగ్గర మా సైటు మీద పైపులు ఎత్తుతున్నాను. ఆరు వారాలు ఆసుపత్రి మంచం మీద మాట లేకుండా ఉండి, పోయిన మంగళవారం పొద్దున పోయాడు. హెల్మెట్ తీసి నేలకేసి కొట్టాను. అప్పుడు కోపం కంపెనీ మీద అనుకున్నాను. ఈ నాలుగు మాటలు కూడా మొదట కంపెనీని తిడుతూనే రాశాను. చదువుకుంటే సిగ్గేసింది. చించేశాను.

కాక నాకు చుట్టం కాడు. జగిత్యాల దిక్కు మనిషి. క్యాంపులో మాది ఒకే రూము, సైటులో ఒకే గ్యాంగు. పరంజా కట్టాక దాన్ని చూసి సరేననడం ఆయన పని. పచ్చ ట్యాగు కడితే ఎక్కవచ్చు, ఎర్రదుంటే ఎక్కకూడదు. ట్యాగు మీద చూసినవాడి సంతకం ఉండాలి. కాక స్పానరుతో పైపును రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి విని, అప్పుడు సంతకం పెట్టేవాడు. ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని ఎంత తరిమినా ఆ రెండు దెబ్బలూ పడాల్సిందే. "నేను కింద బువ్వ తింటుంట. మీదున్నోనికి నా మాట ఆ ట్యాగే చెప్పాలె తమ్మీ," అనేవాడు.

నా చేతిలో ఎప్పుడూ ఏదో ఒక కరపత్రం ఉండేది. కార్మికుల హక్కులు, చట్టాలు. వంట మా వంతు వచ్చిన రోజు నేను గట్టిగా చదువుతుంటే ఆయన ఉల్లిగడ్డలు కోసేవాడు. కళ్ళు తుడుచుకుంటూ, "నీ హక్కులకు ఏడుస్తున్ననా, ఉల్లిగడ్డకు ఏడుస్తున్ననా సమజైతలేదు వకీలూ," అనేవాడు. నన్ను పేరు పెట్టి పిలిచింది తక్కువ. ఆ వకీలు అనడంలో సగం వెటకారం, సగం నమ్మకం. ఇప్పుడు గుచ్చుకుంటున్నది ఆ రెండో సగమే.

ఆమధ్య పక్క సైటులో ఒకాయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇంటికి తెమ్మని ఒక తమ్ముడు, వద్దని ఇంకో తమ్ముడు ఫోన్లలో కొట్టుకున్నారు. ఆ మనిషి అందరి మొహాలూ చూస్తూ పడుకున్నాడు. కాక చూసి వచ్చి రెండు రోజులు సరిగ్గా తినలేదు. మరుసటి శుక్రవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని నన్ను నజ్మా పేటలో కాగితాలు రాసిచ్చే టైపింగ్ షాపుకు తీసుకెళ్ళాడు. తనకు తెలివి తప్పితే తన తరఫున అన్నీ తన భార్యే చూసుకునేలా పవర్ ఆఫ్ అటార్నీ రాయించి, ఎంబసీ ముద్ర వేయించాలని ఆయన ఆలోచన.

నేను ఊరుకుంటానా? కొత్తగా చదివి ఉన్నాను. మన దేశపు చట్టంలో, అధికారం ఇచ్చినవాడికి తెలివి పోతే ఇచ్చిన అధికారమూ పోతుంది. షాపు నడుమ నిలబడి అరిచాను.

"ఇది చెల్లదు కాకా! ఏ రోజు పనికి రావాల్నో ఆ రోజే చెల్లదు. మనల్ని పిచ్చోళ్ళను చేస్తున్నరు వీళ్ళు. లే!"

టైపు చేసే ఆయన వేళ్ళు ఆపి చూశాడు. నేను కాకను చెయ్యి పట్టి కుర్చీలోంచి లేపాను. లోపల గర్వంగానే ఉంది, దాచను.

బయట చాయ్ తాగుతూ కాక మెల్లగా అడిగాడు. "చెల్లకపోతే చెల్లకపాయె. నేను ఎవ్వల్ని నమ్మిన్నో అదన్న తెలుస్తది గద తమ్మీ?"

"నమ్మకానికి చట్టంల విలువ లేదు కాకా."

"గట్లనా," అన్నాడు. చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు.

కొన్నాళ్ళకు సైటులో నాకొక పచ్చ ట్యాగు ఇచ్చాడు. కట్టే తీగ కూడా దానికే ఉంది. వెనక వంకర అక్షరాలతో రాశాడు: "నాకు మాట పడిపోతే నా పెండ్లాన్ని అడుగుండ్రి. వేరేటోళ్ళను అడగకుండ్రి." కింద ఆయన సంతకం, రోజూ పెట్టేదే. "ఇది చెల్లుతదా వకీలూ?" అని నవ్వాడు. నేనూ నవ్వి, కరపత్రంలో పేజీ గుర్తుకు పెట్టుకున్నాను.

తర్వాత ఒక పొద్దున డ్యూటీ బస్సు ఎక్కబోతూ కాక కూలబడ్డాడు. మాట పోయింది, తెలివి లేదు. రెండో వారం డాక్టర్లు చెప్పారు, ఇంటివాళ్ళు కోరితే నర్సును తోడిచ్చి విమానంలో పంపవచ్చని. క్యాంపు బాస్ నన్ను అడిగాడు, "ఇస్‌కే ఘర్ మే కౌన్ బోలేగా? ఫైల్ మే బడా భాయ్ కా నంబర్ హై." ఇంట్లో ఎవరిని అడగాలి, ఫైల్లో పెద్దన్న నంబరుందే అని.

ట్యాగు నాకు గుర్తుంది. మరిచిపోయానని రాస్తే అబద్ధమవుతుంది. అది నా భుజానికున్న సంచిలోనే, కరపత్రంలోనే ఉంది. పరంజా ట్యాగు చూపిస్తే ఎవరైనా నవ్వుతారనుకున్నాను. చెల్లదు గదా అనుకున్నాను. "వహీ," అన్నాను. ఆ నంబరే అని.

ఫోన్లో పెద్దన్న, "దుబాయ్‌ల గంత పెద్ద దవాఖాన ఉండంగ ఊరికి తెచ్చి ఏం జేస్తరు? ఆడనే ఉంచుండ్రి," అన్నాడు. మా ఊళ్ళల్లో గల్ఫ్ ఎక్కడైనా దుబాయే. ఆయన చెడ్డవాడు కాదు. తమ్ముడు బతుకుతాడనే అన్నాడు. కాక ఇంకో నాలుగు వారాలు కళ్ళు పైకప్పు వైపు తెరుచుకుని, తెలివి లేకుండా అలాగే ఉన్నాడు.

శవపెట్టె ఊరికి వెళ్ళాక చిన్నమ్మకు, అంటే కాక భార్యకు, ఫోన్ చేశాను. "నాతోని ఎన్నడో చెప్పిండు బిడ్డా, పడిపోతే నన్ను ఇంటికి తెచ్చుకో, నీ చేతి గంజి పొయ్ అని. నేను చెప్తే ఎవ్వలిన్నరు? రాసిచ్చిన ముక్క ఉన్నదా అన్నరు మా బావ, మీ పెద్దబాపు."

"ఉన్నది చిన్నమ్మా," అన్నాను. ఆమె అడిగింది, "ఏడ వెట్టినవ్ బిడ్డా?"

చట్టం గురించి నేను చెప్పింది ఇవాళ్టికీ తప్పు కాదు. మీలో చదివినవాళ్ళుంటే అదే అంటారు. కాక అడిగింది చట్టం కాదు. తనకు మాట పోయిన రోజు తన మాట ఎవరి నోట ఉండాలో రాసిపెట్టుకోవాలని అడిగాడు. నేను కుర్చీలోంచి లేపేశాను.

ట్యాగు నా ముందే ఉంది. దాని తీగ కాక ముందే వంచి ఇచ్చాడు, రెండు మెలికలు తిప్పితే ఏ పైపుకైనా పట్టేస్తుంది. ఆసుపత్రిలో ఆయన మంచానికి రెండు వైపులా పైపులే ఉన్నాయి. ఆరు వారాలు, వెళ్ళినప్పుడల్లా వాటిని పట్టుకునే నిలబడ్డాను.