దుప్పట్లక్కకు మిగిలిన ఈత

ఆ హోటల్లో పనిచేసే వాళ్లందరికీ ఆమె దుప్పట్లక్క. అసలు పేరు జీతాల కాగితం మీద ఉండే ఉంటుంది గానీ, ఆ పేరుతో పిలిచిన నోరు మాత్రం లేదు. నేలకు దిగువనున్న గదిలో ఇరవై రెండేళ్లుగా దుప్పట్లూ తువ్వాళ్లూ దిండు గలీబులూ ఇచ్చిపుచ్చుకోవడం ఆమె పని. ఏ అంతస్తుకు ఎన్ని వెళ్లాయి, ఎన్ని తిరిగొచ్చాయి, దేనికి మరక, దేనికి చిరుగు, అన్నీ నీలం అట్ట రిజిస్టర్లోకి ఎక్కాల్సిందే. సంతకం పడందే చేతిరుమాలు కూడా గడప దాటదు. ఒకసారి యజమాని తనే మెట్లు దిగి వచ్చి తువ్వాలు అడిగితే, "సంతకం బాబూ" అని పెన్ను చేతికిచ్చిన మనిషి ఆమె. ఆయన కిక్కురుమనకుండా పెట్టి వెళ్లాడు.

ఆ గదికి కిటికీ లేదు. బయట వానో ఎండో తెలియాలంటే దిగి వచ్చినవాళ్ల చెప్పులు చూడాలి. అందుకే మధ్యాహ్నం అరగంట విరామంలో పది నిమిషాల్లో డబ్బా ముగించి, మిగతా ఇరవై నిమిషాలకూ ఆమె మేడ మీదికి ఎక్కేది. హోటల్ వెనక నాలుగంతస్తుల ఇళ్ల వరస ఒకటి ఉంది. ప్రతి బాల్కనీకీ ఒక దండెం, దాని నిండా బట్టలు. ఆమె పిట్టగోడకు మోచేతులు ఆనించి ఒక్కో దండేన్నీ తీరిగ్గా చూసేది. ఎవరింట్లో చుట్టాలు దిగారు, ఎవరికి ఉద్యోగం మారింది, ఎవరు సబ్బు దగ్గర పిసినారితనం చేస్తున్నారు, అన్నీ ఆమెకు అక్కడే తెలిసేవి. "రోజూ పైకెళ్లి ఏం చేస్తావక్కా" అని అడిగితే, "ఏముంది, కాస్త గాలి పీల్చుకుని వస్తా" అనేది.

నాలుగో అంతస్తులో సూపర్‌వైజరు గది ఉంది. దానికి మాత్రం నిలువెత్తు కిటికీ, అదీ వెనక వైపుకే. పాత సూపర్‌వైజరు పని మానుకున్నారని తెలిసిన రోజు దుప్పట్లక్క మనసులో మెదిలింది హోదా కాదు, అధికారమూ కాదు. ఆ కిటికీ. ఎండలో కూర్చుని పని చేసుకోవాలని నడివయసులో ఒక మనిషికి అనిపిస్తే అది పేరాశేమీ కాదు కదా.

అయితే నాలుగు నెలల కిందట కొత్తగా వచ్చిన మేనేజరమ్మ ఒక మెలిక పెట్టింది. ఎవరైనా ఆ ఉద్యోగం అడగొచ్చు, కానీ తనతో పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి. విషయం: మీ హాబీలు, మీ తీరిక సమయం. విదేశాల నుంచి వచ్చేవాళ్లు వరండాలో కనబడితే ఇలాంటివే అడుగుతారట.

ఈ మాటకు కింది గదిలో అందరి మొహాలూ వెలవెలబోయాయి. తీరిక అనేది వాళ్లకు ఊళ్లో వినబడే మాటే గానీ ఇంట్లో కనబడే వస్తువు కాదు. ఖాళీ అన్న మాట కూడా గదులకు వాడేవాళ్లే తప్ప తమకెప్పుడూ వాడుకోలేదు. అయినా అయిదుగురు పేర్లిచ్చారు. గదులు సర్దేవాళ్లు ముగ్గురు, ముప్పై ఏళ్లుగా ఇస్త్రీ బల్ల ముందు నిలబడ్డ ఇస్త్రీ బాబాయి, దుప్పట్లక్క.

పాఠం చెప్పడానికి రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి ఒప్పుకుంది. రోజూ నాలుగింటికి ఒక పలచటి పుస్తకంతో కిందికి దిగేది. అందులో హాబీల పేజీకి అయిదు బొమ్మలున్నాయి. పుస్తకం చదవడం, పాటలు వినడం, మొక్కలు పెంచడం, చదరంగం, ఈత.

"మీకేది ఇష్టమో అది చెప్పండి," అంది ఆ అమ్మాయి.

అయిదుగురూ ముక్తకంఠంతో పుస్తకం చదవడమే అన్నారు. అది మొదటి బొమ్మ మరి. తనూ అదే అన్న దుప్పట్లక్క అంతలోనే తల అడ్డంగా ఊపింది.

"అట్లా కుదరదు. ఒకే దుప్పటి అయిదు మంచాలకు వేస్తామా? వరసగా వెళ్లి అయిదుగురం అదే చెబితే మేడమ్ ఏమనుకుంటారు? ఎవరిది వాళ్లకి రాసిస్తాను, ఉండండి."

అని రిజిస్టరు ఆఖరి పేజీ తీసి గీతలు కొట్టింది. వస్తువు, తీసుకున్నవారు, సంతకం. రిసెప్షన్ అమ్మాయి నవ్వు ఆపుకోలేక పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది గానీ, మిగతావాళ్లకు ఇందులో వింత కనబడలేదు. ఆ హోటల్లో సబ్బు బిళ్లనైనా సంతకం పెట్టే తీసుకుంటారు, హాబీ మాత్రం ఊరికే వస్తుందా? గదులు సర్దేవాళ్లు పుస్తకం, పాటలు, మొక్కలు పట్టుకుపోయారు. ఇస్త్రీ బాబాయి బొమ్మలన్నీ కళ్లద్దాలు సర్దుకుని చూసి చదరంగం దగ్గర వేలు పెట్టాడు.

"ఇది కూర్చుని ఆడేదే కదమ్మాయ్?"

"కూర్చునే బాబాయ్."

"అయితే ఇదే నాది."

అందరికీ పంచి ఆఖర్న తను తీసుకోవడం దుప్పట్లక్క అలవాటు. ఆఖర్న మిగిలింది ఈత. బొమ్మలో ఎవరో నీళ్లలో చేతులు బారజాపి నవ్వుతున్నారు. ఆమె ఒక నిట్టూర్పు విడిచి తన పేరు రాసుకుని, తనే సంతకం పెట్టుకుంది.

ఇంట్లో ఈ సంగతి చెబితే, మిక్సీలు బాగుచేసే ఆమె భర్త చేతిలోని స్క్రూడ్రైవరు పక్కన పెట్టి మరీ నవ్వాడు.

"నువ్వు ఈతా? వీధిలో మోకాలి లోతు నీళ్లుంటే చుట్టుతిరిగి వస్తావు కదే."

"ఇది నీళ్లలో ఈదేది కాదు, నోటితో ఈదేది. మీరు మేడమ్ లాగా అడగండి."

"ఏమని అడగను?"

"ఏదో ఒకటి, ఇంగ్లీషులో."

ఆయనకు వచ్చిన ఇంగ్లీషంతా మిక్సీల పెట్టెల మీద ఉన్నదే. "వారంటీ ఎన్నాళ్లు?" అని గంభీరంగా అడిగాడు. ఆమె దానికే, "మై హాబీ ఈజ్ స్విమ్మింగ్. స్విమ్మింగ్ ఈజ్ గుడ్ ఫర్ హెల్త్," అంటూ ఎత్తుకుని చివరిదాకా ఏకబిగిన అప్పజెప్పింది.

మూడు వారాల పాటు దుప్పట్లు మడత పెడుతూ అదే పాట. మడతకో వాక్యం. పక్క బల్ల దగ్గర ఇస్త్రీ బాబాయి మాత్రం తన చదరంగంతో నానా తంటాలు పడుతున్నాడు. గుర్రం ఎటు దూకుతుందో తెలుగులోనే అర్థంకాని మనిషి, ఇంగ్లీషులో ఏం దూకిస్తాడు? పొద్దున నేర్చుకున్నది మధ్యాహ్నానికి ఇస్త్రీ ఆవిరితో పాటే పోయేది. దుప్పట్లక్క ఈత మాత్రం వద్దన్నా చెవిలో పడేది.

ఆ రోజు రానే వచ్చింది. మేనేజరమ్మ సూపర్‌వైజరు గదిలోనే కూర్చుని ఒక్కొక్కరినీ పిలిచింది. పుస్తకం వెళ్లి వచ్చింది. పాటలు, మొక్కలు కూడా వెళ్లి వచ్చాయి. నాలుగోవాడుగా ఇస్త్రీ బాబాయి లోపలికి వెళ్లి, బయటికొచ్చి, దుప్పట్లక్క పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. చొక్కా అంతా చెమటలు.

"అమ్మాయ్, తిట్టకు. నీది వాడేశాను."

"నాదేంటి?"

"ఈత." బాబాయి నీళ్లు నమిలాడు. "లోపలికెళ్లగానే గుర్రం పోయింది, ఏనుగు పోయింది, రాజు కూడా పోయాడు. నోరు తెరిస్తే నీ ఈతే వచ్చింది. మొత్తం వచ్చింది, ఒక్క ముక్క తప్పు పోలేదు."

దుప్పట్లక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీరు సంతకం పెట్టింది దేనికి బాబాయ్?"

"చదరంగానికి."

"మరి ఈత ఎట్లా తీశారు?"

బాబాయి అరచేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్ల ఇస్త్రీతో కాయలు కాచిన ఆ చేతులు చూసి ఆమె కోపం సగంలో ఆగింది. చదరంగం ఎవరూ వాడలేదు గానీ, అందులో ఆమెకు ఒక్క ముక్క రాదు. ఈత చెబుదామంటే, ఒకసారి బయటికి వెళ్లిన వస్తువు తిరిగి రాకుండా ఇంకొకరికి ఇవ్వడం ఇరవై రెండేళ్లలో ఆమె ఎరగదు. కిటికీ చేజారిపోయినట్టేనని ఆమెకు అర్థమైంది. అంతలో లోపలి నుంచి పిలుపు వచ్చింది.

మేనేజరమ్మకు నలభై లోపు ఉంటాయి. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, తీరైన జుట్టు. ఆమె వెనక కిటికీ. కూర్చోమని సైగ చేసి, తీరిక వేళల్లో మీరేం చేస్తారని ఇంగ్లీషులో అడిగింది.

దుప్పట్లక్క దగ్గర చెప్పడానికి హాబీ మిగల్లేదు. చూపు తిప్పుకుంటే కిటికీలో ఇళ్ల వరస, బాల్కనీలు, బట్టలు. మేడ మీది కంటే ఇక్కడి నుంచి ఇంకా దగ్గరగా ఉన్నాయి.

"ఐ సీ," అంది. "ఐ సీ..." దండేన్ని ఇంగ్లీషులో ఏమంటారో ఆమెకు తెలియదు. లేచి, అడగకుండానే కిటికీ దగ్గరికి వెళ్లి వేలితో చూపించింది. "దట్. ఆల్ క్లాత్స్. ఎవ్రీ డే, ట్వెంటీ మినిట్స్."

ఇక్కడొక విచిత్రం జరిగింది. ఈతకు కావలసిన మాటల్లో ఒక్కటీ ఆమెది కాదు, అన్నీ ఆ పుస్తకానివే. కానీ షర్టు, టవల్, బెడ్‌షీట్, సోప్, స్టెయిన్, వెట్, డ్రై, ఇవన్నీ ఇరవై రెండేళ్లుగా ఆమె నోట్లో నానినవే. ఆమె ఇంగ్లీషంతా బట్టల ఇంగ్లీషే. ఇన్నాళ్లకు దానికి పని దొరికింది.

రెండో అంతస్తులో ఒకప్పుడు చిన్న చిన్న గుడ్డలు, ఇప్పుడు స్కూల్ యూనిఫాం, "బేబీ బిగ్ నౌ" అంది. పై అంతస్తు దంపతుల బట్టలు మూడు రోజుల పాటు ఆ కొస ఆయనవి, ఈ కొస ఆమెవి, మధ్యలో జానెడు ఖాళీ. నిన్న రెండూ కలిసిపోయాయి. "ఫైట్ ఫినిష్." మేనేజరమ్మ పకపక నవ్వింది. ఆ నవ్వుతో దుప్పట్లక్కకు కొండంత ధైర్యం వచ్చి, మూడో అంతస్తు ఎడమ కొస బాల్కనీ చూపించింది.

"దట్ వన్ లేడీ. అలోన్. ఫోర్ మంత్స్. హ్యాంగింగ్ ఆల్ రాంగ్. క్లిప్ ఆన్ షోల్డర్." భుజాల మీద క్లిప్పు పెడితే అక్కడ రెండు బుడిపెలు లేస్తాయని తన భుజాలు పట్టుకుని చూపించింది. "ఓన్లీ ఆఫీస్ క్లాత్స్. సండే ఆల్సో ఆఫీస్ క్లాత్స్. నో హౌస్ క్లాత్స్. నో ఫ్రీ టైమ్, నో హాబీ. పూర్ లేడీ."

నవ్వు వినబడలేదు. ఏమైందా అని దుప్పట్లక్క వెనక్కి తిరిగింది. ఎండ నేరుగా మేనేజరమ్మ తెల్ల చొక్కా మీద పడుతోంది. రెండు భుజాల మీదా రెండు బుడిపెలు.

ఆ బాల్కనీ ఎవరిదో దుప్పట్లక్కకు అప్పుడు తెలిసింది. నాలుగు భాషల్లో క్షమాపణ చెప్పుకున్నా తీరని పని చేసేసింది. గోడ గడియారం చూస్తే పది నిమిషాలు కాస్తా పాతిక దాటాయి. మేనేజరమ్మ లేచి కిటికీ దగ్గరికొచ్చి ఆ బాల్కనీని చూసి, అప్పుడు మొదటిసారి తెలుగులో మాట్లాడింది.

"మరి క్లిప్పులు ఎక్కడ పెట్టాలండీ?"

"కింది అంచుకి, మేడమ్. చొక్కాని తలకిందులుగా వేసి."

"ఎవరూ చెప్పలేదు." చేతిలోని పెన్ను మూత పెట్టింది, తీసింది. "ఇందాక పెద్దాయన ఈత గురించి చెబుతుంటే నిజంగా అసూయ వేసింది. చిన్నప్పుడు నన్ను నీళ్లలోంచి లాక్కురావలసి వచ్చేది. ఈ ఊరొచ్చాక ఈత కొలను ఎక్కడుందో కూడా కనుక్కోలేదు."

ఆ ఈత తనదని చెప్పాలని దుప్పట్లక్కకు నాలుక చివరిదాకా వచ్చింది. బాబాయి చేతులు గుర్తొచ్చి మింగేసింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, "మేడమ్‌ని పట్టుకుని పాపం అన్నాను, ఇక నా పని అయిపోయింది," అని భర్తతో చెప్పుకుని ఏడ్చింది కూడా. ఆయన ఈసారి నవ్వలేదు.

శుక్రవారం బోర్డు మీద కాగితం పడింది. సూపర్‌వైజరు దుప్పట్లక్కే. తొలిరోజు ఆమె చేసిన మొదటి పని, ఇస్త్రీ బల్లకు సరిపడే ఎత్తు స్టూలు ఒకటి బాబాయికి ఇప్పించడం. బాబాయి సంతకం పెట్టి మరీ కూర్చున్నాడు.

రెండో పని కిటికీ దగ్గర నిలబడడం. ఆ తర్వాతి సోమవారం, మూడో అంతస్తు ఎడమ కొస దండెం మీద తెల్ల చొక్కాలు తలకిందులుగా, అంచులకు క్లిప్పులతో వేలాడుతున్నాయి. వాటి పక్కన ఒక వెలిసిపోయిన వదులు గౌను. ఆ చివర, ఇంకా నీళ్లు కారుతూ, ముదురు నీలం ఈత దుస్తులు. దుప్పట్లక్క కళ్లు చెమర్చాయి. ఆమె కింది గదికి వెళ్లి నీలం రిజిస్టరు అడిగి తెచ్చుకుంది. ఆఖరి పేజీలో ఈత ఎదురుగా ఉన్న తన పేరు కొట్టేసి, మేనేజరమ్మ పేరు రాసి, తిన్నగా ఆమె గదికి వెళ్లి బల్ల మీద పెట్టింది.

"సంతకం, మేడమ్."

మేనేజరమ్మ ఆ పేజీని పైనుంచి కిందిదాకా చదివింది. పుస్తకం, పాటలు, మొక్కలు, చదరంగం, అన్నిటి పక్కనా పేర్లు, సంతకాలు. బాబాయి సంతకం దేని ఎదురుగా ఉందో చూసి మరోసారి చదివింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, పెన్ను అందుకుని సంతకం పెట్టింది.

"తిరిగి ఎప్పుడివ్వాలి?"

"అక్కర్లేదు మేడమ్," అంది దుప్పట్లక్క రిజిస్టరు మూస్తూ. "అది మీ దగ్గరే ఉంచుకోండి."