నెత్తుటి మీద నీలం తివాచీ

“నువ్వు స్నానం చెయ్యవా?” అని లా పాజ్ నుంచి దిగిన ఒకావిడ ముక్కు మూసుకుని ఎర్మెలిందా నోసాని అడిగింది. చేస్తుంది, పొద్దునా సాయంత్రమూ. అయినా వాసన పోదు. బొలీవియాలోని బేని మైదానాల్లో కోసిన గొడ్డుమాంసాన్ని కొండల మీది లా పాజ్‌కి మోసే కందీరే దొర విమానాలను కడగడం ఆమె ఉద్యోగం.

ఆ కంపెనీని తలుచుకుని ఇప్పుడు కళ్ళు ఒత్తుకునేవాళ్ళు మంచుకొండల మధ్య పాత విమానాలను దూర్చిన పైలట్ల ధైర్యం గురించి చెబుతారు. కంపు మాట ఎత్తరు. రన్‌వే పక్కనే గొడ్లను కోసి, వేడి చల్లారని మాంసాన్ని విమానంలో చెక్కల మీద పేర్చేవారు. నెత్తురు సందుల్లోంచి విమానం కడుపులోకి కారేది. తిరుగు ప్రయాణంలో అవే చెక్కల మీద బీరు పెట్టెలు, పెట్టెల మీద మనుషులు.

ధరలు పూటకోరకంగా మారుతున్న ఆ రోజుల్లో దొరకి పెద్దమనిషి కావాలని బుద్ధి పుట్టింది. ఒక విమానానికి కుర్చీలు బిగించి ప్రయాణికుల సర్వీసు మొదలెడతానన్నాడు. ఎర్మెలిందాకి బాకీపడ్డ నాలుగు నెలల జీతం ప్రారంభం రోజున ఇస్తానన్నాడు. వానలు పడేలోగా ఇంటికి రేకులు వేయించాలని ఆమె ఆత్రం.

చెక్కలు ఊడదీసి అడుగంతా కడగాలని ఆమె చెప్పింది.

“ఒక్కరోజు విమానం ఆగితే ఆ మాంసమంతా నువ్వు తింటావా? తివాచీ పరిచెయ్. కాళ్ళకింద ఏముందో ఎవడు చూస్తాడు?” అన్నాడు దొర.

“ఎవరూ చూడక్కర్లేదు దొరా. అదే పైకొస్తది.”

అన్నదే గాని పరిచింది. జీతం ఉంది కదా మరి.

ప్రారంభం నాడు మేయరూ, పాదిరీ, దొర అత్తగారూ కుర్చీల్లో కూర్చున్నారు. ఎండకి విమానం పొయ్యిలా కాగింది. ప్రార్థన సాగుతుండగానే నీలం తివాచీ అంచుల కింద నుంచి తెల్లపురుగులు పాక్కుంటూ వచ్చి అత్తగారి చెప్పుల్లో దూరాయి. ఆవిడ అక్కడే కక్కుకుంది. పాదిరీ మాత్రం ప్రార్థన ఆపలేదు. ఆపితే దొర ఇస్తానన్న ఎద్దు రాదు.

“ఇదిగో, ఇదే. కడగమంటే పడుకుంది, కంపుముండ,” అని దొర అందరికీ ఎర్మెలిందాని చూపించాడు.

“కడగాలన్నది నేను. కప్పమన్నది నువ్వు. నా జీతమిచ్చి మాట్లాడు.”

జనం నవ్వారు, ఆమెని చూసే. దొర అక్కడికక్కడే ఆమెని పనిలోంచి తీసేశాడు.

మర్నాడే కుర్చీలు పీకేసి మళ్ళీ మాంసం ఎక్కించారు. కొన్నాళ్ళకి కొండల మీదికి రోడ్డు పడింది, కంపెనీ మూతపడింది. ఊళ్ళో విమానాశ్రయం గోడకి దొర పేరుతో ఫలకం పెట్టారు. ఎర్మెలిందాకి రావలసిన నాలుగు నెలల జీతం, దేశంలో పాత నోట్లు పోయి కొత్తవి వచ్చాక ఆ లెక్కలో అరవై రెండు బొలివియానోలు. ఇంకా ఇవ్వలేదు.