నక్షాలో దొరికిన బావి

బోధన్ పక్కన మా అనాథ పిల్లల ఆశ్రమం మెరక మీద ఉండేది. దిగువ పొలాలకు కొత్త కాలువ నీళ్లొచ్చి చుట్టూ చెరకు లేచింది. మా గడప దాకా మాత్రం ఒక్క చుక్క ఎక్కలేదు. ఆడపిల్లలం బిందెలెత్తుకుని కాలువకు పోయి తెచ్చుకునేవాళ్లం. ఆ ఎండాకాలం కాలువకు నీళ్లు ఆపేశారు. ఆశ్రమం చూసుకునే అవ్వ దిగులు పడింది. పిల్లలను నిజామాబాదులో తలా ఒక చోటికి పంపక తప్పదేమోనన్నది. నాకు అదొక్కటే ఇల్లు. ఆ పూట అన్నం వదిలి గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

మేం అన్నాలు తినే గదిలో, ఆశ్రమం జాగా అంతా గుడ్డ మీద గీసిన పాత నక్షా వేలాడేది. ఆశ్రమం పుట్టిననాటిదట, పసుపు నీళ్లలో ముంచినట్టుండేది. అందులోని కొట్టాలూ బడీ ఎప్పుడో కూలిపోయాయి. పై అంచున గుట్ట, అక్కడే కుడి మూలన నీలిరంగు సున్నా. దాని పక్కన ఉర్దూ మాట. ఊరి బడిలో నేర్చిన అక్షరాలతో కూడబలుక్కుని చదివాను.

"అవ్వా! మనకు బావి ఉండెనట!"

"ఏడిదే? ఇన్నేండ్ల సంది ఉంటున్న, నేనైతె సూడలే" అన్నది అవ్వ. అన్నదే గాని, నక్షా దించి నేల మీద పరిచింది.

పై భాగం ఉత్తరమే అనుకున్నాం. ఈశాన్యం మూలన గడ్డపారలు పట్టుకుని దిగాం. అరచేతులు బొబ్బలెక్కాయి, మొరం తప్ప ఏమీ రాలేదు. పక్క చేను పటేలు గట్టు మీద నిలబడి నవ్విండు.

"ఏం బిడ్డా, బొమ్మ సూసి బావి తవ్వుతున్నరా?"

మర్నాడు సాయంత్రం గిన్నెలు తోముతూ తలెత్తాను. పొద్దు గుట్ట వెనక్కి దిగుతోంది. చేతిలో గిన్నె పక్కన పడేసి లేచాను. గుట్ట మాకు పడమర! నక్షాలో పైన ఉన్నది పడమరే!

"అవ్వా, మనం తప్పు మూలకు తవ్వినం!"

నక్షాను తిప్పి చూస్తే ఆ సున్నా వాయవ్యంలో, పెంటకుప్ప కింద పడింది. ముక్కులకు గుడ్డలు కట్టుకుని కుప్పంతా ఎత్తిపోశాం. అడుగున నేల మెత్తగా ఉంది. కాసేపటికి నా గడ్డపార ఖంగుమంది. చెక్కిన రాయి. దాని పక్కన ఇంకొకటి, వంపు తిరిగి.

పటేలు గట్టు దిగి వచ్చిండు. వంగి రాయి తడిమి చూసిండు. ఈసారి నవ్వలేదు.

"ఇగ మీరు జరుగుండ్రి బిడ్డా. లోతుకు పోతె మీతోని కాదు. నా మనుషుల తెస్త."

తన ఎడ్లు, మోకులు, జీతగాళ్లను తెచ్చిండు. రోజుల తరబడి పూడిక తీశారు. ఒక మధ్యాహ్నం లోపల్నుంచి కేక వినబడింది.

"ఊట తగిలింది! నీళ్లవ్వా, నీళ్లు!"

మేం అరిచిన అరుపులకు పటేలు కొట్టంలో ఆవులు బెదిరాయి. మొదటి బొక్కెన అవ్వ నా దోసిట్లో పోసింది. సగం బురదే, అయినా ఎంత తియ్యగా ఉందో! మిగతాది పిల్లలు ఆమె నెత్తిన కుమ్మరిస్తే, ఎన్నడూ నవ్వని అవ్వ కళ్లు తుడుచుకుంటూ పకపకా నవ్వింది. ఆ ఏడు ఏ పిల్లా ఎక్కడికీ పోలేదు.

నీళ్లు తేరుకున్నాక దిగువ ఊరి ఆడవాళ్లు బిందెలతో వచ్చి దూరంగా నిలబడ్డారు.

"అవ్వా, జర తోడుకుంటం."

"నన్నడుగుడేంది? బావి పిల్లలది, వాళ్లనడుగుండ్రి."

అందరూ నావైపు తిరిగారు. ఒకరు పెడితే తిన్నవాళ్లం, ఇస్తే కట్టుకున్నవాళ్లం. మమ్మల్ని అడిగినవాళ్లు అంతవరకూ ఎవరూ లేరు. బొక్కెన వాళ్ల ముందుకు చాచాను.

"తోడుకోండి అక్కా, నిండ తోడుకోండి!"